మొదటి గేమింగ్ పీసీ: లెక్క గోడ ప్లగ్గు దగ్గర మొదలవుతుంది

మొన్న ఎండాకాలం సెలవుల్లో ఒంగోలు నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "మామా, 55 వేలున్నాయి, నాన్న ఒప్పుకున్నాడు, మానిటర్‌తో కలిపి అందులోనే అయిపోవాలి. ప్రాసెసర్ ఏది తీసుకోమంటావ్?" అన్నాడు. ప్రాసెసర్ సంగతి తర్వాత చూద్దాం గానీ ముందు నీ గదిలో ప్లగ్గుకి ఎర్తింగ్ ఉందో లేదో చెప్పు అన్నాను. అవతల చప్పుడు లేదు. కారు కొంటానంటే రోడ్డు గురించి అడుగుతున్నాడేంది అనుకుని ఉంటాడు.

అలా అడగడానికి కారణం నా మొదటి పీసీ. 2019లో నెల్లూరులో కేబినెట్ కొంటే దాంతోపాటే 500 వాట్ల ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటుని పీసీ పార్టులకి సరిపడేట్టు మార్చి ఇచ్చే డబ్బా) ఉచితంగా వచ్చింది. 1,800 రూపాయలు మిగిలాయని సంబరపడి ఆ డబ్బుతో రంగురంగుల లైట్ల ఫ్యాన్లు కొన్నాను. మే నెలలో ఒక రాత్రి, వీధిలో ఏసీలన్నీ ఒకేసారి మొదలయ్యే వేళకి వోల్టేజ్ దిగిపోయి, మళ్లీ ఒక్కసారిగా లేచింది. కేబినెట్‌లోంచి టప్పుమని శబ్దం, కాలిన వాసన. ఎస్ఎంపీఎస్ ఒక్కటే పోయినా సరిపెట్టుకునేవాణ్ణి, అది పోతూ పోతూ మదర్‌బోర్డుని కూడా వెంట తీసుకుపోయింది. ఫ్యాన్లు మాత్రం ఇప్పటికీ బ్రహ్మాండంగా తిరుగుతున్నాయి.

యూట్యూబ్‌లో మనం చూసే బిల్డులు చాలావరకు ఏసీ గదిలో, నిలకడైన కరెంటు మీద నడిచేవి. మనకేమో మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండ, నవంబరు, డిసెంబరుల్లో తుఫాన్లు, తీరం వైపు ఊళ్లలో ఉప్పుగాలి. పార్టుల పేర్లు అవే అయినా డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తగ్గించాలి అనే వరస మారుతుంది. నేను మావాడికి చెప్పిన వరసలోనే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ప్లగ్గు. చెప్పుల్లేకుండా నేల మీద నిలబడి, ఆన్‌లో ఉన్న పాత కంప్యూటర్ కేబినెట్‌నో ఫ్రిజ్ రేకునో తాకితే వేలికి జివ్వుమంటోందా? అయితే మీ ఇంట్లో ఎర్తింగ్ లేదు, లేదా ఉన్నా పనిచేయడం లేదు. మూడు పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన వెనకాల ఎర్త్ వైరు ఉందని నమ్మొద్దు, పాత ఇళ్లలో ఆ మూడో రంధ్రం అలంకారానికే ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. ఎర్త్ గుంత ఉంటే ఎండాకాలంలో అప్పుడప్పుడు దాంట్లో నీళ్లు పోయండి, మట్టి ఎండిపోతే ఎర్తింగ్ ఉన్నా లేనట్టే. ఇది పీసీ బడ్జెట్‌లోకి రాని ఖర్చు, నాన్నగారి చేత ఇంటి ఖర్చు కింద రాయించుకోవచ్చు.

తర్వాత ఎస్ఎంపీఎస్. డబ్బు తగ్గించకూడని పార్టు ఇదొక్కటే అని నా గట్టి అభిప్రాయం. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే 500 వాట్లు చూడొద్దు, పక్కన అంటించిన స్టిక్కరులో 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూడండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ లాక్కునేది దాదాపు అంతా ఆ 12 వోల్టుల లైన్ మీదే. అక్కడ 20 ఆంపియర్లు అని ఉంటే 12 ఇంటూ 20, అంటే 240 వాట్లే అన్నమాట, మిగతా 260 స్టిక్కరు వేసినవాడి ఉదారత. నిజమైన 450 వాట్ల ఎస్ఎంపీఎస్‌లో ఆ గడిలో 35 ఆంపియర్లకి అటూఇటూగా ఉంటుంది. మన బడ్జెట్‌లో 65 వాట్ల ప్రాసెసర్, 130 వాట్ల దగ్గరి కార్డు, ఫ్యాన్లు, గేములు దాచుకునే ఎస్ఎస్‌డీ అన్నీ కలిపినా 250 వాట్లకి మించడం కష్టం. కాబట్టి 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే) ముద్ర ఉన్న, పేరున్న కంపెనీ 450 లేదా 550 వాట్లది చాలు. 750 అక్కర్లేదు. షాపతను "ఫ్యూచర్‌కి పనికొస్తుంది సార్" అంటాడు, ఆ ఫ్యూచర్ వచ్చేసరికి దాని వారంటీ అయిపోతుంది.

ఇక్కడే ఇన్వర్టర్ సంగతి కూడా. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ చిన్న సందులో పీసీ రీస్టార్ట్ అయిపోతోందని చాలామంది బాధ. మంచి ఎస్ఎంపీఎస్ కరెంటు లేకుండా ఓ 16 మిల్లీసెకన్ల పాటు పీసీని నిలబెట్టగలదు, ఇన్వర్టర్ అంతలోపు అందుకోవాలి. చాలా ఇన్వర్టర్లకి యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది, ఎవరూ దాని వంక చూడరు, దాన్ని అటు తిప్పితే మారే సమయం తగ్గుతుంది. ఇంట్లో ఉన్నది గోడ కరెంటులా నున్నటి అల (సైన్ వేవ్) ఇవ్వని పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే మాత్రం పీసీని దానికి తగిలించకండి, కొత్త ఎస్ఎంపీఎస్‌లు ఆ కరెంటుతో సరిగ్గా పొసగవు. సైన్ వేవ్ అయితే ఇబ్బంది లేదు. అదీ లేకపోతే చిన్న యూపీఎస్ తీసుకోండి, గేమ్ ఆడటానికి కాదు, సేవ్ చేసుకుని ఆపేయడానికి. 600 వీఏ అని రాసి ఉన్న యూపీఎస్ ఇచ్చేది సాధారణంగా 360 వాట్లే, ఇదీ గుర్తుంచుకోండి.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఏం ఆడతారు? మావాణ్ణి అడిగితే "అన్నీ" అన్నాడు. అన్నీ అంటే కుదరదు. వాలరంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి ఆన్‌లైన్ షూటింగ్ గేములు ప్రధానమైతే అవి ప్రాసెసర్‌ని ఎక్కువగా వాడతాయి, మామూలు కార్డు మీద కూడా సెకనుకి 144 ఫ్రేములు తేలిగ్గా ఇస్తాయి, అక్కడ సెకనుకి అన్నిసార్లు బొమ్మ మార్చే 144 హెర్ట్జ్ మానిటర్ మీద పెట్టిన డబ్బు కంటికి కనిపిస్తుంది. సైబర్‌పంక్, రెడ్ డెడ్ లాంటి పెద్ద కథల గేములు కావాలంటే గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టాలి, మానిటర్ 75 లేదా 100 హెర్ట్జ్ అయినా నడుస్తుంది. రెండూ కావాలంటే 1080పీ (ఫుల్ హెచ్‌డీ) దగ్గరే ఆగండి. 55 వేలలో 4కే గురించి ఎవరైనా చెప్తే టీ తాగించి పంపేయండి.

గ్రాఫిక్స్ కార్డు. మానిటర్ పక్కన పెట్టి, మిగిలిన డబ్బులో మూడో వంతు నుంచి నలభై శాతం దాకా దీనికే పోవాలి. గేమింగ్ పీసీలో ఇంతకన్నా తక్కువ పెడితే మిగతా పార్టులన్నీ దీని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాయి. 8 జీబీ మెమరీ ఉన్నదే తీసుకోండి. నేను చూసే పేర్లు ఆర్ఎక్స్ 6600, కాస్త పైకి వెళ్తే ఆర్ఎక్స్ 7600, ఆర్‌టీఎక్స్ 4060, 5060. అందులో 6600 కార్డుది 132 వాట్లు, 4060ది 115 వాట్లు. చిన్న ఎస్ఎంపీఎస్‌కీ మన ఎండలకీ ఈ రెండూ బాగా సరిపోతాయి. ఏది ఎంత ఉందో ఆ వారం ధర చూసి తేల్చుకోండి, వెయ్యి రూపాయల తేడా కోసం మూడు నెలలు తర్జనభర్జన పడొద్దు.

ఇక ఉచ్చుల్లో మొదటిది జీటీ 710, జీటీ 730 లాంటి పేర్లు. "4 జీబీ గ్రాఫిక్స్ కార్డు" అని ఊరించే ధరకి దొరుకుతాయి, అవి గేమ్ కార్డులు కావు, మానిటర్‌కి బొమ్మ చూపించడానికి మాత్రమే. రెండోది ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ. పేరు 6600కి అన్నదమ్ముల్లా ఉంటుంది గానీ 4 జీబీ మెమరీ, పైగా బోర్డుతో మాట్లాడే దారులు నాలుగే, పాత మదర్‌బోర్డులో పెడితే ఇంకా నీరసపడుతుంది. మూడోది సెకండ్ హ్యాండ్. సెకండ్ హ్యాండ్ తప్పని నేను అనను, నా దగ్గర ఉన్నదీ అదే. కానీ 2022 సెప్టెంబరులో ఈథీరియం అనే క్రిప్టో కరెన్సీని గ్రాఫిక్స్ కార్డులతో సంపాదించే మైనింగ్ ఆగిపోయాక రాత్రీపగలూ నడిచిన కార్డులు కుప్పలుగా అమ్మకానికి వచ్చాయి, వాటిలో కొన్ని ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. కొనేముందు కార్డుని వాళ్ల పీసీలోనే పెట్టించి ఫర్‌మార్క్ లాంటి టెస్టు ఓ 15 నిమిషాలు నడిపించి చూడండి, ఫ్యాన్లు గరగరమంటున్నాయా, వేడి ఎంతకెక్కి ఆగుతోంది, తెర మీద చుక్కలు వస్తున్నాయా. ఇంకో చిన్న గుర్తు, వెనక రేకుకీ స్క్రూలకీ తుప్పు. మైపాడు వైపో కొత్తపట్నం వైపో సముద్రానికి దగ్గర ఇంట్లో కిటికీ పక్కన ఉన్న కార్డైతే ఆ తుప్పు రెండు మూడేళ్లలోనే కనిపిస్తుంది, లోపల ఎలా ఉందో ఊహించుకోవచ్చు.

ప్రాసెసర్ విషయంలో అందరూ తలలు బద్దలు కొట్టుకుంటారు గానీ ఈ బడ్జెట్‌లో ఇది తేలిక. ఏఎండీలో రైజెన్ 5 5600, ఇంటెల్‌లో ఐ5-12400ఎఫ్, రెండూ ఆరు కోర్లవే, రెండూ ఇప్పటికీ పనిచేసే గుర్రాలే. డబ్బు బాగా తక్కువైతే ఐ3-12100ఎఫ్, నాలుగే కోర్లు గానీ వాలరంట్‌కి ధారాళంగా సరిపోతుంది. చివర "ఎఫ్" ఉన్న ఇంటెల్‌లో లోపల గ్రాఫిక్స్ ఉండదు, అంటే కార్డు లేకుండా తెర మీద ఏమీ రాదు. కార్డు ఆరు నెలల తర్వాత కొందామనుకునేవాళ్లు ఈ ఒక్క అక్షరం చూడక మోసపోతారు. 5600లోనూ అంతే, దానికి ఎఫ్ లేకపోయినా గ్రాఫిక్స్ లేదు. అలాంటివాళ్లు 5600జీ తీసుకుంటే ముందు కార్డు లేకుండానే చిన్న గేములు ఆడుకోవచ్చు, కార్డు తర్వాత చేర్చుకోవచ్చు.

ఇంకో మాట, ఇది కోపంతోనే రాస్తున్నాను. "ఐ7, 16 జీబీ, గేమింగ్ పీసీ, 18 వేలే" అని వచ్చే రెడీమేడ్ సెట్లు. ఐ7 అనగానే అమ్మానాన్నలు మురిసిపోతారు. అది ఎన్నో తరం ఐ7 అని అడగండి. 2011లో వచ్చిన రెండో తరం ఐ7 కూడా ఐ7నే! దానికంటే ఇప్పటి ఐ3 వేగం ఎక్కువ. పైగా విండోస్ 11కి అధికారికంగా ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే మద్దతు ఉంది, విండోస్ 10కి 2025 అక్టోబరుతో సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 మీద వాలరంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సదుపాయాలు రెండూ ఉండాలి, ఆ పాత బోర్డుల్లో అవి ఉండవు. పిల్లవాడు ఆ గేమ్ కోసమే కొనిపించుకుని, అదే ఆడలేక కూర్చుంటాడు.

మదర్‌బోర్డుకి పెద్దగా ఆలోచించక్కర్లేదు. 5600కి బి550, డబ్బు చాలకపోతే ఎ520. 12400ఎఫ్‌కి హెచ్610 సరిపోతుంది. బి450 చవగ్గా దొరికితే అందులో బయోస్ (బోర్డుని మేల్కొలిపే ప్రోగ్రాం) అప్‌డేట్ చేసి ఉందో లేదో షాపులోనే అడిగి చేయించుకోండి, పాత బయోస్‌తో ఉన్న బోర్డు 5600ని గుర్తుపట్టదు, మీరేమో ప్రాసెసర్ పాడైందనుకుని టెన్షన్ పడతారు. చౌక బోర్డుల్లో చాలావాటికి వైఫై ఉండదన్నది కూడా కొన్నాకే తెలుస్తుంది. రూటర్ హాల్లో ఉంటే గది దాకా నెట్ కేబుల్ లాగించండి, ఆన్‌లైన్ గేముకి ఎలాగూ అదే మంచిది.

5600 కూర్చునే ఏఎం4 సాకెట్ పాతబడిపోయింది, ఏఎం5 తీసుకోవాలి కదా అని కొందరు వాదిస్తారు. మాట నిజమే, ఏఎం4 2016లో మొదలైంది, ఏఎం5 2022లో వచ్చింది, ముందుముందు ప్రాసెసర్ మార్చుకోవాలనుకుంటే దారి ఉన్నది దానికే. కానీ ఏఎం5లో డీడీఆర్5 ర్యామ్ మాత్రమే పడుతుంది, బోర్డూ ఖరీదే. ఆ తేడా డబ్బు ఈ బడ్జెట్‌లో గ్రాఫిక్స్ కార్డులోంచి కోసుకోవాలి. నేనైతే కోయను. 70, 80 వేలు దాటితే అప్పుడు ఏఎం5 వైపు చూస్తాను.

ర్యామ్ 16 జీబీ, ఒకే కర్ర కాకుండా 8 జీబీవి రెండు. రెండుంటే డ్యూయల్ చానల్‌లో, అంటే రెండూ ఒకేసారి పనిచేస్తూ నడుస్తాయి, 5600జీ లాంటి వాటికైతే ఇది మరీ ముఖ్యం. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి, అందుకే పాత వీడియోల్లో చెప్పే ర్యామ్ ధర పట్టుకుని లెక్క వేసుకోకండి. డీడీఆర్4 అయితే ఎవరైనా తీసేసిన మంచి కంపెనీ కర్రలు సెకండ్ హ్యాండ్‌లో కొనడానికి నేను వెనకాడను, ర్యామ్‌లో పాడయ్యేది తక్కువ. ఎస్ఎస్‌డీ వేగమైన ఎన్‌వీఎంఈ రకం, వీలైతే 1 టీబీ. ఒక్కో పెద్ద గేమే 100 జీబీ దాటుతోంది కాబట్టి 500 జీబీలో నాలుగు గేములకే ఇల్లు నిండిపోతుంది.

కేబినెట్. ముందువైపు అద్దం ఉన్నది అందంగా ఉంటుంది, కానీ మనకొద్దు. ముందు జాలీ ఉండాలి, అక్కడి నుంచి రెండు ఫ్యాన్లు గాలి లోపలికి లాగాలి, వెనక ఒకటి బయటికి తోయాలి. గదే 38 డిగ్రీలుంటే లోపలికి పోయే గాలీ 38 డిగ్రీలే, ఏ ఫ్యానూ దాన్ని చల్లబరచలేదు, ఆగకుండా పారేట్టు చూడటమే మన పని. దుమ్ము ఫిల్టరు ఉన్నది తీసుకోండి. మా బంధువులది చీమకుర్తి, గ్రానైట్ ఫ్యాక్టరీలకి దగ్గర్లో ఇల్లు, వాళ్ల పీసీ మూత తీస్తే ముగ్గుపిండి చల్లినట్టు ఉంటుంది, నెలకోసారి బ్లోయర్ పెట్టక తప్పదు. వెనక వాడని స్లాట్ల రేకులు తీసి పారేయొద్దు. ఆ సందులోంచి బల్లి దూరి ఎస్ఎంపీఎస్‌లో ఇరుక్కున్న కథలు ఏ రిపేరు షాపులో అడిగినా చెప్తారు.

కొనడం ఎక్కడ అంటే, నేను మూడు చోట్లా కొన్నాను. నెల్లూరులోనో ఒంగోలులోనో కొంటే ధర కొంచెం ఎక్కువైనా తేడా వస్తే వెళ్లి అడగడానికి మనిషి ఉంటాడు, ఎస్ఎంపీఎస్, మానిటర్ అలా కొనడం మేలు. చెన్నై రిచీ స్ట్రీట్‌లో అన్నీ దొరుకుతాయి, పొద్దున్నే రైల్లో వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చు, కానీ కార్డు వారంటీ కోసం మళ్లీ చెన్నై వెళ్లాల్సి వస్తే ఆ చార్జీలూ తిరుగుడూ కలిపి లెక్కేసుకోండి. ఆన్‌లైన్‌లో కొంటే పార్శిల్ విప్పేటప్పుడు, లేబుల్ కనపడేట్టు మొదలుపెట్టి ఎక్కడా ఆపకుండా వీడియో తీయండి. ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు, బిల్లు మీద సీరియల్ నంబరు ఉండాల్సిందే. "బిల్లు లేకుండా అయితే 18 శాతం తగ్గిస్తా" అన్నారంటే తగ్గేది ధర కాదు, వారంటీ.

అన్నీ ఒకే వారంలో కొనండి. ఆఫర్ వచ్చిందని జూన్‌లో బోర్డు, దసరాకి ప్రాసెసర్, దీపావళికి కార్డు అని కొంటూ పోతే బోర్డు పాడైందని నవంబరులో తెలుస్తుంది, అప్పటికి వెనక్కి తీసుకునే గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. డబ్బు కూడే దాకా ఆగి, కూడాక ఒక్క దెబ్బకి తెచ్చుకోవాలి.

బిగించడం గురించి వీడియోలు బోలెడున్నాయి, నాలుగు మాటలే చెప్తాను. కేబినెట్‌లో పెట్టకముందే మదర్‌బోర్డుని దాని అట్టపెట్టె మీద పెట్టి ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్, కార్డు తగిలించి ఒకసారి ఆన్ చేసి చూడండి, తేడా ఉంటే అక్కడే తెలిసిపోతుంది. ప్రాసెసర్ దగ్గర పెట్టే 8 పిన్నుల వైరూ కార్డుకి పెట్టే 8 పిన్నుల వైరూ ఒకేలా కనపడతాయి, ఒకటి కాదు, వైరు మీద పేరు చదవండి, ఎక్కకపోతే నొక్కకండి. ర్యామ్ స్లాట్లు నాలుగుంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడాలి. విండోస్ వేశాక రెండు పనులు మర్చిపోతారు. ఒకటి, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేయడం, లేకపోతే 3200 అని కొన్న ర్యామ్ అంతకంటే తక్కువ వేగంతోనే నడుస్తూ ఉంటుంది. రెండు, డిస్‌ప్లే సెట్టింగుల్లో 144 హెర్ట్జ్ ఎంచుకోవడం. 144 మానిటర్ కొని ఏడాది పాటు 60లోనే ఆడిన మిత్రుడు నాకొకడున్నాడు, పేరు చెప్పనని మాటిచ్చాను.

మావాడు చివరికి 5600, బి550, ఆర్ఎక్స్ 6600, 550 వాట్ల బ్రాంజ్ ఎస్ఎంపీఎస్ తీసుకున్నాడు. మానిటర్ 144ది పెట్టేసరికి డబ్బు చాలక ఎస్ఎస్‌డీ 500 జీబీ దగ్గర ఆగిపోయాడు, సరే, అది తర్వాత చేర్చుకోవచ్చు. బిగించిన రోజు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "మామా, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మీద ఏమీ రాలా" అన్నాడు గొంతు తడారిపోయి. వెనక మా అక్క "యాభై వేలు బూడిదలో పోశారు" అంటోంది. మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టావని అడిగాను. పైన, మదర్‌బోర్డులో అన్నాడు. తీసి కింద కార్డులో పెట్టమన్నాను.